రంగు దానంతటదే నిలుస్తుంది, చోటు నువ్వు రాయాలి

చిరంజీవి నీరజకు,

నువ్వు బోర్నియో వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అక్కడి డానమ్ వ్యాలీ అడవుల్లో క్రైసోక్రోవా అనే, పచ్చగా తళతళలాడే పెంకుపురుగుల మీద పని అట కదా. ఆ మాట వినగానే నాకు గర్వమూ దిగులూ ఒక్కసారే వచ్చాయి. ముందు దిగులు సంగతి విను.

ఆ అడవులున్న సబా రాష్ట్ర ప్రభుత్వ అనుమతి పత్రం చేతికి రాకుండా ఒక్క పురుగునూ పట్టకు. జలగలు కుట్టకుండా పొడవాటి మేజోళ్లు తీసుకెళ్లు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా అసలు భయం వేరు. ఈ పురుగులు ఎండ చుర్రుమనే వేళ చెట్ల తలల మీద ఎగురుతాయి. వాటి కోసం వెళ్లినవాళ్లు మిట్టమధ్యాహ్నం పైకి చూస్తూ నడుస్తారు. పశ్చిమ కనుమల్లో మా జట్టు కుర్రవాడు ఒకడు అలాగే కొమ్మల్లోకి చూస్తూ వాగు గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. చీకటి పడేలోపు అతన్ని రోడ్డు దాకా మోసుకొచ్చిన ఆ దారి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. పైకి చూడాలంటే ఆగి చూడు. అంతకన్నా మంచిది, ఎండ పడుతున్న పడిపోయిన మాను దగ్గర కూర్చో. ఈ జాతి పురుగుల పిల్లలు ఎక్కువగా ఎండిన, ఎండుతున్న కలపలో పెరుగుతాయి కనుక గుడ్లు పెట్టడానికి తల్లులు అక్కడికి దిగివస్తాయి.

ఇక పట్టిన పురుగుతో ఉంచే, చోటూ తేదీ రాసిన చీటీల విషయం. నేను చదువుకునే రోజుల్లో మా కాలేజీలో ఒక పెద్దాయన ఉండేవారు. చేతి పనితనం గొప్పది. కుడి రెక్కడిప్పలోంచి సూది గుచ్చితే కాళ్లు ఒక్కటీ చెదిరేది కాదు. ఆయన ఒక వానాకాలం వేర్వేరు కొండల్లో తిరిగి, పట్టినవన్నీ కాగితపు పొట్లాల్లో కట్టి, వివరాలు ఇంటికి వెళ్లాక రాద్దామనుకున్నారు. దారిలో సంచీ తడిసింది. పొట్లాల మీది సిరా కారిపోయింది. ఏది ఏ కొండదో, ఏ చెట్టు మీద దొరికిందో ఆయన గుర్తు చేసుకోబోతే ఒకటి రెండై, రెండు మూడై కలిసిపోయాయి. ఊహించి రాయడానికి ఆయన నిజాయితీ ఒప్పుకోలేదు. పెట్టెలో పురుగులు మాత్రం నిన్న పట్టినట్టే మెరుస్తూ ఉండేవి. చూడవచ్చినవాళ్లు మెచ్చుకునేవారు, ఆయన మాట్లాడేవారు కాదు.

ఈ పురుగులతో ఉన్న మోసమే అది. ఆ పచ్చదనం రంగు పదార్థం కాదు. పైపెంకులోని అతిపలుచని పొరలు వెలుగును తిప్పికొట్టడం వల్ల వచ్చేది, అందుకే పురుగు చచ్చినా పోదు. జపాన్‌లో హోర్యూజీ ఆలయంలో 7వ శతాబ్దపు చిన్న మందిరం ఒకటుంది. దానికి నీ క్రైసోక్రోవా రెక్కలే తాపడం చేశారు. చాలావరకు రాలిపోయినా, మిగిలినవి ఇంకా మెరుస్తాయట. రంగు చెడదు కనుక ఏదీ చెడలేదని మనకు అనిపిస్తుంది. చెడేది చోటు, తేదీ, చెట్టు. అవి లేకపోతే నీ పురుగు వట్టి నగ.

అందుకని పట్టిన చోటే, అప్పుడే, పెన్సిలుతో రాయి. ఫోనులో నమోదవుతుందిలే అంటావేమో. దట్టమైన ఆకుల కింద ఫోను చూపే చోటు తప్పవచ్చు, వానలో ఫోనే పోవచ్చు. నీ బద్ధకం నాకు తెలుసు, పరీక్ష ముందురాత్రి చదివే పిల్లవి! దుకాణాల్లో అమ్మే పురుగుల జోలికి వెళ్లకు, వాటి చీటీని నమ్మలేం.

చిన్నప్పుడు తుమ్మచెట్టు మీది బంగారు పురుగును అగ్గిపెట్టెలో పెట్టి, అది గుడ్డు పెట్టిందని ఊరంతా చూపించావు. అది స్టెర్నోసెరా, నీ క్రైసోక్రోవాకు దాయాదే. ఆ రోజు తుమ్మ ముళ్లు గీసుకుని వచ్చావని కోప్పడ్డాను గానీ, దాని తిండికని తెచ్చిన ఆకు సరైనదేనని నాకు ఎంత సంతోషం కలిగిందో నీకు చెప్పనేలేదు.

మీ అమ్మకు నేను నచ్చజెబుతాను. అడవికి దగ్గరి ఊరు లహద్ దాతులో దిగగానే ఫోను చెయ్యి. అడవిలోకి ఎవరితో వెళ్తున్నావో, ఎప్పుడు తిరిగి వస్తావో కాగితం మీద రాసి అక్కడి పరిశోధన కేంద్రంలో ఇచ్చి వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ