వెనక సీటులో బెల్టు పెట్టుకోలేదు.. అమ్మకు పరిహారం రాదంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మాది సూర్యాపేట. గత నెలలో తమ్ముడి కారులో అందరం విజయవాడ వెళ్తున్నాం. నందిగామ దాటాక సర్వీసు రోడ్డులోంచి వచ్చిన లారీ మా కారు ఎడమవైపు వెనక తలుపును గుద్దింది. అక్కడ కూర్చున్న అమ్మకు తొడ ఎముక విరిగింది, నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. అమ్మ వయసు 52, ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. వెనక బెల్టుల బకిల్స్ సీటు కవర్ల కింద ఉండిపోవడంతో అమ్మ బెల్టు పెట్టుకోలేదు. అదే రోజు ఉదయం దారిలో పోలీసులు కారు ఆపి, వెనకవాళ్లకు బెల్టు లేదని ఒక చలానా, మరదలి ఒళ్లో మూడేళ్ల పాప ఉందని ఇంకో చలానా, ఒక్కొక్కటి 1,000 రూపాయలు వేశారు. వెనకవాళ్ల తప్పుకు తమ్ముడెందుకు కట్టాలి? ఇప్పుడు లారీ బీమా కంపెనీ తరఫున వచ్చినాయన ‘బెల్టు లేదు కనుక కేసు వేసినా నిలవదు, రెండున్నర లక్షలు ఇప్పిస్తాను, సంతకం పెట్టండి’ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు చివరి మాటకే జవాబు. సంతకం పెట్టకండి. ఆయన చెబుతున్న రెండున్నర లక్షలు ఆయన దయతో వచ్చేవి కావు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో తీవ్ర గాయమైతే 2.5 లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు ఇవ్వాల్సిందే. తప్పు ఎవరిదని అక్కడ అడగరు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే, కాబట్టి ఆ మొత్తానికి బెల్టుతో సంబంధమే లేదు. చిక్కంతా 166వ సెక్షన్‌లోని ఒక షరతులో ఉంది. 149వ సెక్షన్ చెప్పే రాజీ పద్ధతిలో బీమా కంపెనీ నుంచి ఆ 164 సొమ్మును ఒప్పుకుని తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో) మీరు వేసిన పూర్తి పరిహారం కేసు దానంతటదే రద్దవుతుంది. తొడ ఎముకకు రాడ్ వేసిన మనిషికి ఆపరేషన్ ఖర్చు, రాడ్ తీయించడానికి మళ్లీ అయ్యే ఖర్చు, కుట్టుమిషను తొక్కలేని నెలల ఆదాయం, వైకల్యం మిగిలితే దాని లెక్క, ఇవన్నీ కలిపితే రెండున్నర లక్షల దగ్గర ఆగవు.

ఇక అసలు సందేహం. బెల్టు లేకపోతే పరిహారం పోతుందని చట్టంలో ఎక్కడా లేదు. బీమా కంపెనీ ఏయే కారణాలతో తప్పించుకోవచ్చో 150వ సెక్షన్ వరసగా చెబుతుంది. డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోవడం, పర్మిట్ షరతులు మీరడం లాంటివి అందులో ఉన్నాయి. గాయపడిన మనిషి బెల్టు పెట్టుకోకపోవడం లేదు. కంపెనీ వకీలు వేరే దారిలో వస్తాడు. ‘గాయంలో ఆమె నిర్లక్ష్యం కూడా ఉంది, ఆ మేరకు కోయండి’ అని కౌంటరు వేస్తాడు. ఇంగ్లండులో 1975లో న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ ఇచ్చిన తీర్పును ఇక్కడ కూడా చదివి వినిపిస్తుంటారు. బెల్టు ఉంటే గాయమే అయ్యేది కాదనుకుంటే 25 శాతం, గాయం బాగా తగ్గేదనుకుంటే 15 శాతం, బెల్టు ఉన్నా అదే గాయం అయ్యేదైతే ఏమీ కోయకూడదు అని ఆయన లెక్క కట్టారు. మన కోర్టులకు అది శిరోధార్యం కాదు. కానీ ఆ మూడో మాటను గుర్తుపెట్టుకోండి, మీ కేసు నిలబడేది దానిమీదే.

మన సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇలాంటి వాదనే విన్నది. ఒకే బైకు మీద ముగ్గురు వెళ్తుంటే కారు గుద్దింది, వెనక కూర్చున్న యువకుడు చనిపోయాడు. ముగ్గురు ఎక్కడం తప్పు కాబట్టి దిల్లీ హైకోర్టు పరిహారంలో 10 శాతం కోసింది. సుప్రీంకోర్టు ఆ కోత ఎత్తేసింది. నిబంధన మీరడం వేరు, ఆ మీరడమే ప్రమాదానికో గాయం తీవ్రతకో కారణమని చూపించడం వేరు, ఆ లంకె చూపకుండా కోయడానికి వీల్లేదు అంది. చూపించాల్సిన బాధ్యత ఆ వాదన ఎత్తిన వాళ్లదే, మీది కాదు.

మీ అమ్మగారి గాయాలకు ఇదే కొలబద్ద పెట్టి చూడండి. సీటుబెల్టు మనిషిని ముందుకు ఎగిరిపోకుండా పట్టుకుంటుంది. పక్కనుంచి లారీ గుద్ది తలుపు లోపలికి నొక్కుకుంటే, ఆ తలుపు తొడకు తగలకుండా బెల్టు ఆపలేదు. కాబట్టి తొడ ఎముక విషయంలో కంపెనీ వాదన తేలిపోతుంది. నుదుటి గాయం దగ్గర కాస్త పట్టు దొరకవచ్చు, తల ముందు సీటుకో తలుపు పక్కనుండే కారు స్తంభానికో కొట్టుకుని ఉంటుంది కాబట్టి. అక్కడ కోత పడినా ఏడు కుట్ల ఖర్చు మీద పడుతుంది గానీ మొత్తం మీద కాదని మీ వకీలు గట్టిగా పట్టుబట్టాలి. గాయాలవారీగా విడదీయమని అడగకపోతే ట్రిబ్యునల్ గుండుగుత్తగా ఒక శాతం తీసేసే ప్రమాదం ఉంది. చాలా కేసుల్లో పొరపాటు జరిగేది ఇక్కడే.

అమ్మ బెల్టు పెట్టుకుందని మాత్రం ప్రమాణం చేసి చెప్పించకండి. పెట్టుకున్న బెల్టు గట్టి దెబ్బకు భుజం మీదుగా, పొట్ట అడ్డంగా కమిలిన చార వదులుతుంది. అలాంటి చార లేదని ఆసుపత్రిలో గాయాలు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో తెలిసిపోతుంది. పోలీసులు ఈ-డార్‌లో (ప్రమాదంపై ఆన్‌లైన్‌లో పెట్టే వివర నివేదికలో) నింపే వివరాల్లో బెల్టు వాడారా లేదా అన్నది కూడా ఉంటుంది. పైగా ఉదయం వేసిన చలానా ఉండనే ఉంది. ఒక్క అబద్ధం బయటపడితే గెలవాల్సిన తొడ ఎముక మీద కూడా ట్రిబ్యునల్‌కు అనుమానం వస్తుంది.

చలానా కట్టేస్తే అమ్మ కేసులో తప్పు ఒప్పుకున్నట్టవుతుందా అని కొందరు ఆగిపోతారు. అవదు. 200వ సెక్షన్ కింద కాంపౌండింగ్ చేసుకుని, అంటే కోర్టు విచారణ దాకా వెళ్లకుండా, కడితే అది శిక్ష పడినట్టు కాదు. కట్టింది తమ్ముడు, పరిహారం అడిగేది అమ్మ. ఒకరి ఒప్పుకోలు ఇంకొకరిని కట్టేయదు. కంపెనీ ఆ చలానాను సాక్ష్యంగా చూపించవచ్చు, కానీ అది ఉదయం ఏం జరిగిందో చెబుతుంది తప్ప గాయం దేనివల్ల అయిందో చెప్పదు.

తమ్ముడే ఎందుకు కట్టాలన్నదానికి జవాబు 194బి సెక్షన్‌లో ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ బెల్టు లేకుండా నడిపినవారితో పాటు, బెల్టు పెట్టుకోని ప్రయాణికులను ఎక్కించుకు వెళ్లేవారికి కూడా 1,000 రూపాయల జరిమానా వేస్తుంది. అంటే స్టీరింగ్ దగ్గరున్న మనిషికే. క్యాబ్ డ్రైవర్లు ప్రయాణికులతో గొడవపడేది ఇందుకే, వాళ్ల మీద విసుక్కోవడం అన్యాయం. వెనకవాళ్లకూ బెల్టు తప్పనిసరి అన్నది కొత్త మాట కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138(3) ప్రకారం, బెల్టులు అమర్చిన బండి కదులుతున్నంతసేపు డ్రైవరు, ముందు సీటు మనిషి, ముందువైపు చూస్తూ ఉండే వెనక సీట్లవాళ్లు అందరూ పెట్టుకోవాలి. ‘ముందువైపు చూస్తూ’ అన్న మాట ముఖ్యం. పాత జీపుల్లో డిక్కీ దగ్గర ఎదురెదురుగా అడ్డంగా వేసే సీట్లు ఈ నిబంధన కిందికి రావు. అయితే ప్రమాదంలో అందరికంటే ముందు ఎగిరిపడేది ఆ సీట్లలోనివాళ్లే.

రెండో చలానా కూడా సరైనదే. 194బిలో రెండో భాగం పిల్లల కోసం విడిగా ఉంది. 14 ఏళ్లు నిండని పిల్లలను బెల్టుతోనో, చైల్డ్ సీటుతోనో కట్టి ఉంచకపోతే నడిపినవారికి, నడపనిచ్చినవారికి 1,000 రూపాయలు. ఒళ్లో పట్టుకోవడం చట్టానికి లెక్క కాదు, భౌతికశాస్త్రానికీ కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనులో పదోవంతులో ఆగిపోతే, 14 కిలోల పాప తల్లి చేతుల్లో దాదాపు 240 కిలోల బరువులా ముందుకు లాగుతుంది. తల్లీబిడ్డలకు కలిపి ఒకే బెల్టు చుట్టడం ఇంకా ఘోరం, తల్లి బరువంతా బెల్టుకీ తనకీ మధ్య నలిగే పాప మీదే పడుతుంది. మూడేళ్ల పాపకు పెద్దల బెల్టు నేరుగా వేస్తే మెడ మీదుగా పోతుంది. లోపల సొంత పట్టీలున్న సీటు కొని వెనక సీటులోనే బిగించండి. ముందు సీటులో, ఎయిర్‌బ్యాగు పనిచేస్తుండగా, వెనక్కి తిరిగి ఉండే శిశువుల సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

వెనక ఇద్దరు పెద్దవాళ్లు బెల్టు లేకుండా ఉన్నందుకు తలా ఒక చలానా వేసి ఉంటే మాత్రం అభ్యంతరం చెప్పమనేవాణ్ని. సెక్షన్ మాటల ప్రకారం తప్పు ‘ప్రయాణికులను తీసుకెళ్లడం’, అది ఒక ప్రయాణానికి ఒకటే. బెల్టు కేసులో లైసెన్సు లాక్కునే అధికారం కూడా పోలీసులకు లేదు. ఆ అధికారమిచ్చే 206(4) సెక్షన్‌లో అతివేగం, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం వంటివి ఉన్నాయి గానీ 194బి లేదు. మీది ఆపి వేసిన చలానా కాబట్టి వాదించేందుకు ఏమీ లేదు, కట్టేయండి. కెమెరా చలానా అయితే సంగతి వేరు. 167ఎ నిబంధన ప్రకారం నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. ఫొటోలో తప్పూ, నంబరు ప్లేటూ స్పష్టంగా కనిపించాలి. తేదీ, సమయం, స్థలం, ఎలక్ట్రానిక్ సాక్ష్యపు ధ్రువీకరణ ఉండాలి. నల్ల చొక్కా మీద నల్ల బెల్టు, అద్దం మీద ఎండ మెరుపు, ఇలాంటి వాటివల్ల తప్పుడు చలానాలు రావచ్చు. అలా వస్తే ఫొటో దింపుకుని ఈ-చలానా పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టండి.

ఇప్పుడు కేసు వేసే సంగతి. ప్రమాదం ఆంధ్రప్రదేశ్‌లో జరిగినా 166(2) ప్రకారం మీరు ఉండే చోట వేయవచ్చు, కాబట్టి వాయిదాలకు నందిగామ తిరగనక్కర్లేదు, సూర్యాపేట ట్రిబ్యునల్ చాలు. చట్టంలో గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. అమ్మ పూర్తిగా కోలుకున్నాక చూద్దామని ఆగవద్దు. ఎంవీఓపీ (మోటారు ప్రమాద పరిహార పిటిషన్) వేసేయండి, వైద్యం తాలూకు కాగితాలు తర్వాత కూడా దాఖలు చేసుకోవచ్చు. లారీ డ్రైవరు, ఓనరు, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. తమ్ముడి తప్పు కూడా కొంత ఉందని కంపెనీ అనవచ్చు. అన్నా అమ్మకు నష్టం లేదు. ఇద్దరు డ్రైవర్ల తప్పువల్ల మూడో మనిషికి గాయమైతే, ఎవరో ఒకరి నుంచే మొత్తం రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తమ్ముడి కారు కంపెనీని కూడా చేర్చాలనుకుంటే ముందు పాలసీ చూడండి. ఫుల్ ఇన్సూరెన్స్ అయితే కారులోని మనుషులకు వర్తిస్తుంది, ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే సొంత కారులో ఉచితంగా ఎక్కినవాళ్లకు కంపెనీ కట్టదు.

కావలసిన కాగితాలు ఎఫ్‌ఐఆర్, వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఎక్స్‌రేలు, ప్రతి మందుల బిల్లూ. కుట్టుపని ఆదాయానికి రసీదులుండవు కనుక బట్టలిచ్చే నలుగురి సాక్ష్యం, కుట్టు ఆర్డర్ల నోటు పుస్తకం పనికొస్తాయి. వైకల్యం శాతం సదరం కాగితంతో సరిపోదు, అమ్మను పరీక్షించిన ఎముకల డాక్టరు కోర్టుకొచ్చి చెప్పాలి. ఆ డాక్టరునే ఇంకో ప్రశ్న కూడా అడిగించండి. ఈ తొడ ఎముక ముందుకు పడటంవల్ల విరిగిందా, పక్కనుంచి వచ్చిన ఒత్తిడివల్లా? ఆ ఒక్క జవాబుతో బెల్టు వాదన సగం పోతుంది.

మిగతా సగానికి సాక్ష్యం కారులోనే ఉంది. కారు షెడ్డులో ఉంటే ఎడమ తలుపు మీద చెయ్యి వేయవద్దని ఈ రోజే చెప్పండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో తరచూ ‘ఎడమ వెనక తలుపు దెబ్బతింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, అది చాలదు. తలుపు లోపలివైపు, సీటు అంచు కనిపించేలా, టేపు పెట్టి ఎన్ని సెంటీమీటర్లు లోపలికి వచ్చిందో తెలిసేలా ఫొటోలు తీయండి. వీడియో అయితే నంబరు ప్లేటు నుంచి మొదలుపెట్టి ఆపకుండా తలుపు దాకా రావాలి. బకిల్స్ కవరు కింద ఎలా ఉన్నాయో అదీ తీయండి. అది బెల్టు పెట్టుకోకపోవడానికి సాకు కాదు గానీ, అమ్మది మొండితనం కాదని చూపిస్తుంది. ఆ తర్వాతే రిపేరుకు ఒప్పుకోండి. దెబ్బకు బిగుసుకున్న బెల్టులను, వాటి ప్రిటెన్షనర్లను (దెబ్బ తగలగానే బెల్టును లాగి బిగించే పరికరాలను) మళ్లీ వాడకుండా కొత్తవి వేయమనండి. పేలిన ప్రిటెన్షనర్ ఒక్కసారికే పనిచేస్తుంది. కవర్లు కుట్టేవాడితో ఈసారి బకిల్స్‌కు కోతలు పెట్టించండి.