మద్యం, పొగాకు నిషేధిస్తే మా ఆయన మానేస్తారా?

ప్రశ్న: మా ఆయన వయసు 41. పదేళ్లుగా రోజూ తాగుతున్నారు. ఇప్పుడు పొద్దున్నే కాస్త మందు పడితేగానీ చేతుల వణుకు తగ్గడం లేదు. రోజుకో కట్ట బీడీలు కూడా కాలుస్తారు. ప్రభుత్వం మద్యం, పొగాకు పూర్తిగా నిషేధిస్తే మాలాంటి కుటుంబాలు బాగుపడతాయి కదా! అందాకా పది రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అదే మానేస్తాడని మా అత్తగారు అంటున్నారు. అలా చేయొచ్చా?
– ఓ సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: తాళం మాత్రం వేయకండమ్మా. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే ఆయన మెదడు మద్యానికి అలవాటు పడిపోయిందని అర్థం. ఇలాంటివారికి ఉన్నట్టుండి మందు ఆగిపోతే కొన్ని గంటల్లోనే చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. గాలి సోకిందని అంత్రాలు కట్టించుకుంటూ కూర్చుంటే ప్రాణం మీదకొస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు వరుసకట్టారు.

నిషేధం గురించి మీరు అడగడం న్యాయమే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది మీ జిల్లాలోనే. వాళ్ల పోరాటంతో 1993లో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమమంటే నాకు ఎంతో గౌరవం. ఇంటి పక్కన బెల్టు షాపు లేకపోతే కొత్తగా అలవాటు పడే కుర్రాళ్లు తగ్గుతారు. ధర పెరిగినా అంతే. కానీ మీ ఆయనలాంటివారు దుకాణం మూసినా ఊరుకోలేరు, దొరికింది తాగుతారు. 2016 నుంచి నిషేధం ఉన్న బిహార్‌లోనే, 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారా పదుల ప్రాణాలు తీసింది. అలాంటి సారాలో కలిసే మిథనాల్ అనే విష రసాయనం కళ్లు కూడా పోగొడుతుంది. గుట్కా సంగతీ చూస్తున్నాం. నిషేధం ఉన్నా పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడివిడిగా కొని అరచేతిలో కలుపుకుంటున్నారు. అందుకే బెల్టు షాపులు మూయాలని, ప్రతి జిల్లా ఆసుపత్రిలో మందు మాన్పించే వార్డు తెరవాలని ప్రభుత్వాన్ని గట్టిగా అడుగుతాను. రెండోది లేకుండా ఒక్కసారిగా నిషేధం పెడితే మీ ఆయనలాంటివాళ్లే ముందు దెబ్బతింటారు.

ఇక మీరు చేయాల్సింది. ఆయన్ను ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ఈలోగా ఇంట్లో ఒక్కసారిగా మానెయ్యమని పట్టుబట్టకండి. సుమారు వారం రోజులు చేర్చుకుని, వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఊళ్లో సెలైన్ ఎక్కించి పంపేస్తే సరిపోదు. తాగేవారి ఒంట్లో విటమిన్ బి1 తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. ఈ మాట అక్కడి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి.

ఇంకొకటి. 'తెలియకుండా అన్నంలో కలిపితే మందు మానేస్తారు' అని అమ్మే పొడులు, మాత్రలు దయచేసి వాడకండి. వాటిలో డైసల్ఫిరామ్ (మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే ఔషధం) ఉంటే, ఆ సంగతి తెలియక ఆయన తాగినప్పుడు బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు. ఆయనకు తెలిసి, ఆయన ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే అది మందు.

బీడీ విషయంలో అంత భయం లేదు. సిగరెట్ కంటే బీడీ మేలన్నది అపోహే గానీ, ఒక్కసారిగా ఆపినా ప్రాణానికి ముప్పు రాదు. చిరాకు, నిద్రలేమి మొదటి వారం ఎక్కువగా ఉండి, నెలలోపు చాలావరకు తగ్గుతాయి. నికోటిన్ చూయింగ్ గమ్ సాయపడుతుంది. పొగాకు మానడానికి 1800 11 2356కు ఫోన్ చేయొచ్చు.

మీ మనసు బాగోలేకపోయినా, ఆయన్ను ఆసుపత్రికి ఎలా ఒప్పించాలో తెలియకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి చేయండి. ఆసుపత్రిలో రోజుకు ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయో లేదో దాచకుండా చెప్పండి. మాత్రల మోతాదు వీటిని బట్టే నిర్ణయిస్తారు.