మెట్లెక్కితే మంటా? కొర్రల సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: నా వయసు 43. గుంటూరులో ఉంటూ విజయవాడలో బ్యాంకు ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్లొస్తాను. టిఫిన్ స్టేషన్ దగ్గర, మధ్యాహ్నం హోటల్ భోజనం, సాయంత్రం బజ్జీలు, రాత్రి పదింటికి ఆవకాయ అన్నం. ఇవన్నీ మానేసి ఇంట్లో వండిన సాదా తిండికి మారాలనుకుంటున్నాను. కొర్రలు మంచివా, అండుకొర్రలా? పొద్దున చద్దన్నం తినొచ్చా? గ్యాస్ ఉంది కాబట్టి రెండేళ్లుగా రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను. ఈమధ్య స్టేషన్ మెట్లెక్కుతుంటే ఛాతీలో మంట వస్తోంది, కాసేపు నిలబడితే తగ్గుతోంది. నాన్నగారికి షుగర్ ఉంది, బైపాస్ కూడా అయింది.
- ఓ పాఠకుడు, గుంటూరు

సలహా: తిండి మార్చుకోవాలన్న ఆలోచన మంచిదే. కానీ మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ మెట్ల మాట. గ్యాస్ మంట సాధారణంగా తిన్నాకో, పడుకున్నాకో వస్తుంది. నడిస్తే వచ్చి, నిలబడితే పోయే మంటను ముందు గుండెదేమోనని అనుమానించాల్సిందే. మిమ్మల్ని చూడకుండా ఇది గుండెదేనని నేను చెప్పలేను. కాదని అసలే చెప్పలేను.

కాబట్టి ఈ వారాంతం దాకా ఆగకుండా ఇవాళో రేపో డాక్టర్‌ను కలవండి. ఈసీజీ తీస్తారు. అది నార్మల్‌గా వచ్చిందని ఊరుకోవద్దు, నొప్పి లేకుండా పడుకుని ఉన్నప్పుడు తీసిన ఈసీజీలో ఇలాంటి సమస్య చాలాసార్లు దొరకదు. ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్ అవసరమా అన్నది గుండె డాక్టర్ నిర్ణయిస్తారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. అప్పటిదాకా 'మళ్లీ వస్తుందేమో చూద్దాం' అని మెట్లెక్కి పరీక్షించుకోకండి. ఊరికే కూర్చున్నప్పుడు మంట మొదలైనా, నిలబడ్డా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో లాగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బైక్ మీద మీరే బయల్దేరొద్దు.

ఇక ఆ మాత్ర. ఎవరు రాశారో మీరు చెప్పలేదు. ఎవరూ రాసి ఉండరు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఉంటారు. మా ఓపీలో రోజూ చూస్తాను. మొన్న ఒకాయన చొక్కా జేబులోంచి ఇదే స్ట్రిప్పు తీసి చూపించారు, పదింటిలో రెండే మిగిలాయి. రాత్రంతా గ్యాసే అనుకుని సోడా తాగి, మాత్ర మీద మాత్ర వేసి తెల్లవారాక వచ్చారు. ఈసీజీలో గుండెపోటు. ఆయన అదృష్టం, బయటపడ్డారు. కోపం రాదా చెప్పండి?

పాంటోప్రజోల్ చెడ్డ మందు కాదు, అవసరమైతే నేనూ రాస్తాను. డాక్టర్ చూడకుండా ఏళ్ల తరబడి మింగితేనే చిక్కు. బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం ఉంటే బీ12 పరీక్ష అడగండి. మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, మలం నల్లగా రావడం ఉంటే ఎండోస్కోపీ దాకా వెళ్లాల్సి రావచ్చు. అలాగని ఇది చదివి రేపే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎదురు తిరిగి మంట ఇంకా పెరగొచ్చు. ఎలా తగ్గించాలో మీ డాక్టర్ చెబుతారు.

తిండి సంగతి. కొర్రలా, అండుకొర్రలా అంటే ఏవైనా ఒకటే. అవీ పిండిపదార్థమే. తెల్లన్నం కంటే పీచు ఎక్కువ, అంతే. రెండు గిన్నెలు లాగిస్తే షుగర్ వాటితోనూ పెరుగుతుంది. చద్దన్నం తినండి, ఉల్లిపాయ, మజ్జిగతో బాగుంటుంది. అయితే రాత్రి అన్నం చల్లారగానే నీళ్లు పోసి మూతపెట్టండి. మన వేసవిలో అన్నాన్ని ఊరికే బయట వదిలేస్తే పాడవుతుంది. షుగర్ తేలితే పరిమాణం తగ్గించుకోవాలి.

మీలా ఏడింటికే రైలెక్కేవాళ్లకు రోజుకో వంట కుదరదు. రాత్రే పెసరపప్పులో తోటకూరో బీరకాయో వేసి ఒక విజిల్ రానిచ్చి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున తాలింపు వేస్తే క్యారేజీ సిద్ధం. దాంతో కాస్త అన్నం, పెరుగు, ఒక ఉడికించిన గుడ్డు. బజ్జీల బదులు వేయించిన శనగలు జేబులో వేసుకోండి. రాత్రి భోజనం ఎనిమిదిన్నర లోపు ముగిస్తే గ్యాస్ బాధ సగం తగ్గొచ్చు. ఆవకాయ మానమని ఆంధ్రావాడిగా నేను చెప్పలేను కానీ, రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటొద్దు, అంటే చిన్న చెంచాడు. ఒక్క పూట ఆవకాయ అన్నంతోనే అందులో పెద్ద వాటా అయిపోతుంది.

ఇవన్నీ గుండె పరీక్షలు అయ్యాకే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారి పాత రిపోర్టులు, మీరు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. పేర్లు గుర్తుండవు, స్ట్రిప్పులే చూపించండి.