ఏం తీసేశారు, ఏం కలిపారు: రోజూ తినే తిండి గురించి ఒక ఉత్తరం

తల్లీ,

నీ ఉత్తరం అందింది. ఏవి తినాలో, ఏవి మానాలో ఒక జాబితా రాసి పంపమన్నావు. జాబితాలు నెల తిరిగేలోపు మూలన పడతాయి. పైగా ఈరోజు మంచిదన్న వస్తువును రేపు ఇంకొకరు చెడ్డదంటారు. అందుకని, ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా నీకు నువ్వే వేసుకోవాల్సిన రెండు ప్రశ్నలు చెబుతాను. దీంట్లోంచి ఏం తీసేశారు? దీంట్లో ఏం కలిపారు? రెండింటికీ "ఏమీ లేదు" అనో "కొంచెమే" అనో జవాబు వస్తే అది రోజూ తినదగ్గ తిండి.

మొదటి ప్రశ్న అర్థం కావాలంటే ఒక గోధుమ గింజను రాత్రంతా నానబెట్టి, పొద్దున బ్లేడుతో నిలువుగా కోసి చూడు. చుట్టూ గోధుమరంగు పొర కనిపిస్తుంది, అది తవుడు. ఒక కొసన లేత పసుపురంగులో చిన్న చుక్కంత మొలక భాగం ఉంటుంది. మిగతాదంతా తెల్లటి పిండి. బరువు ప్రకారం చూస్తే పిండి దాదాపు 83 శాతం, తవుడు 14 శాతం, మొలక రెండు మూడు శాతం. మైదా అంటే ఆ తెల్లటి భాగం ఒక్కటే. పీచులో చాలావరకు, ఇనుము, జింకు, మెగ్నీషియం, బి విటమిన్లలో పెద్ద భాగం పారేసిన ఆ కొద్దిపాటి తవుడులో, మొలకలోనే ఉన్నాయి. మరి ఎందుకు తీసేస్తారంటే, మొలకలో నూనె ఉంటుంది. గింజ పగిలి గాలి తగిలితే ఆ నూనె కనరు వాసన పడుతుంది. దాన్ని తీసేస్తే పిండి నెలల తరబడి చెడకుండా నిలవుంటుంది. అమ్మేవాళ్లకు అది సౌకర్యం, తినేవాళ్లకు నష్టం. బియ్యం సంగతీ ఇంతే. 1890ల్లో జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి లాంటి నరాల జబ్బు రావడం, ముడిబియ్యం పెడితే తగ్గిపోవడం గమనించాడు. తవుడుతో పాటు పోయింది బి1 విటమిన్ అని తర్వాత తేలింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి ముడి ధాన్యం కొను, కానీ కొద్దికొద్దిగా కొను. పొట్టుతో సహా ఆడించిన పిండి నెలకు సరిపడా చాలు. ముడిబియ్యం నాలుగైదు నెలలకు మించి ఇంట్లో ఉంచకు. డబ్బా మూత తీయగానే పాత నూనె వాసన వస్తే మొహమాటపడకుండా పారెయ్. ముడిబియ్యం ఒకరోజు వండి, గట్టిగా ఉందని మర్నాడే మానేసేవాళ్లు చాలామంది. తప్పు బియ్యానిది కాదు, నీళ్లది, సమయానిది. కప్పు బియ్యం కనీసం అరగంట నానాలి, గంట అయితే ఇంకా మంచిది. రెండు నుంచి రెండున్నర కప్పుల నీళ్లు పోసి, పొంగు వచ్చాక సన్నని సెగ మీద మూతపెట్టి 35 నుంచి 45 నిమిషాలు ఉంచు. దించాక పది నిమిషాలు మూత తీయకు. తెల్లబియ్యంతో కలిపి తినాలనుకుంటే రెండూ ఒకేసారి పొయ్యకు. ముడిబియ్యం పాతిక నిమిషాలు ఉడికాక తెల్లబియ్యం వేస్తే రెండూ ఒకేసారి పదునుకొస్తాయి. ధాన్యమంతా ముడిదే కావాలన్న పంతం కూడా వద్దు. సగం మారినా పెద్ద మార్పే.

రెండో ప్రశ్నకు జవాబు పొట్లం వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందువైపు రాసిందాన్ని నమ్మకు. బ్రెడ్డు పొట్లాన్నే తీసుకో. గోధుమరంగులో ఉంది, "మల్టీగ్రెయిన్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. వెనక్కి తిప్పు. పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి పేరు "శుద్ధి చేసిన గోధుమ పిండి" అయితే అది మైదానే. ఆ రంగు క్యారమెల్‌దో (మాడ్చిన చక్కెర) మొలాసిస్‌దో (చక్కెర మడ్డి) అయి ఉండొచ్చు. మల్టీగ్రెయిన్ అంటే రకరకాల ధాన్యాలు ఉన్నాయని మాత్రమే, అవి పొట్టుతో ఉన్నాయని కాదు. ఇంకో చిన్న లెక్క చెబుతాను, బజార్లో నిలబడి చేసుకోవచ్చు. కార్బోహైడ్రేట్ల అంకెను పీచు అంకెతో భాగించు. పది లేక అంతకంటే తక్కువ వస్తే పర్వాలేదు. 45 గ్రాముల కార్బోహైడ్రేట్లకు 7 గ్రాముల పీచు ఉంటే ఆరున్నర లోపే వస్తుంది, తీసుకో. 50కి రెండున్నరే ఉంటే ఇరవై వస్తుంది, అక్కడే పెట్టెయ్.

చక్కెరకు చాలా పేర్లుంటాయి: గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్, పళ్లరసం కాన్సెంట్రేట్. నాలుగు పేర్లుగా విడగొట్టి రాస్తే ఒక్కోటీ జాబితాలో కిందికి జారుతుంది, కలిపితే పైకి రావాల్సింది. 100 గ్రాములకు చక్కెర 5 గ్రాముల లోపుంటే తక్కువ, 22.5 దాటితే ఎక్కువ. ఉప్పు 0.3 గ్రాముల లోపు తక్కువ, ఒకటిన్నర దాటితే ఎక్కువ. బ్రిటన్‌లో పొట్లాల మీద పచ్చ, ఎరుపు గుర్తులు వేసేది ఈ లెక్కతోనే. ఉప్పుకు బదులు సోడియం అని రాసి ఉంటే రెండున్నరతో హెచ్చించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలంటుంది, అంటే చెంచాడు కూడా నిండదు.

పొట్లంలో ఉన్నదంతా చెడ్డదని మాత్రం అనుకోకు. గడ్డకట్టించిన బఠాణీ, చక్కెర కలపని పెరుగు, ఏమీ కలపని అటుకుల్లాంటి ఓట్స్, ఇవన్నీ మంచి తిండే. డబ్బాలో ఉడికించిన శనగలు కూడా అంతే, నీళ్లు వంపేసి బాగా కడిగితే ఉప్పు తగ్గిపోతుంది. నేను వద్దనేది వంటింట్లో ఎవరి దగ్గరా ఉండని పదార్థాలు కలిపి, నమలకుండానే లోపలికి జారిపోయేలా తయారుచేసిన వాటిని. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టి చూసింది. వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, పీచు రెండు పక్కలా సమానంగానే ఉంచారు, తినగలిగినంత తినమన్నారు. మొదటి రకం పెట్టినప్పుడు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. తిండి ఏ రూపంలో మన ముందుకొస్తుందో అనేదాన్ని తేలిగ్గా తీసుకోకు.

ఇక పప్పులు, గింజలు. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ వీటి మీద పెట్టు. తక్కువ ఖర్చుతో ప్రొటీన్, పీచు, ఇనుము మూడూ ఒకేచోట దొరికే తిండి ఇది. నీ బరువు 60 కిలోలనుకుంటే రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఉడికిన పప్పు లేదా శనగలు ఓ పెద్ద కప్పు, 200 గ్రాములు తింటే అందులో 17, 18 గ్రాములు వచ్చేస్తాయి. రెండు గుడ్లకు 12, పెద్ద గ్లాసు పాలకు 8, గుప్పెడు బాదం గింజలకు 6. మిగిలిన కాస్తా ధాన్యమే ఇస్తుంది. ప్రొటీన్ తయారయ్యేది అమైనో ఆమ్లాలతో. ధాన్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ధాన్యంలో ఉంటుంది. రెండూ ఒకే పూట తినకపోయినా ఒకే రోజు తింటే చాలు.

శనగలు, రాజ్మా ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానాలి. నానిందో లేదో గడియారాన్ని అడగకు, గింజను అడుగు: రెండు బద్దలుగా విడదీసి చూస్తే లోపల నడిమిదాకా ఒకే రంగు ఉండాలి. మధ్యలో తెల్లగా, పొడిగా, సుద్దలా కనిపిస్తే ఇంకో రెండు గంటలు పడుతుంది. వేడి రోజుల్లో ఫ్రిజ్‌లో నానబెట్టు, లేకపోతే పులిసి నురగ కడుతుంది. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పొయ్యి. ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు, కడుపు ఉబ్బరం చేసే చక్కెరలు కొంత ఆ నీళ్లతో పోతాయి. ఎంతసేపు ఉడికించినా మెత్తబడడం లేదంటే మూడు కారణాలు. గింజ పాతదై ఉండాలి, నీళ్లు ఉప్పునీళ్ల బావివిలా గట్టివై ఉండాలి, లేదా టమాటానో నిమ్మరసమో ముందే వేసి ఉండాలి. పులుపు పొట్టును బిగించేస్తుంది, గింజ మెత్తబడ్డాకే వెయ్యి. త్వరగా ఉడకాలని వంటసోడా వేస్తారు. గింజ మెత్తబడేది నిజమే, కానీ బి1 విటమిన్ దెబ్బతింటుంది.

ఒక్క హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. రాజ్మాను సగం ఉడికించి ఎప్పుడూ తినకు. అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, నాలుగైదు పచ్చి గింజలకే వాంతులవుతాయి. ప్రెజర్ కుక్కర్‌లో అయినా, గిన్నెలో అయినా సరే, కనీసం పది నిమిషాలు, వీలైతే అరగంట కుతకుత ఉడకాలి. మంద వేడి మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్‌లో పచ్చివి నేరుగా వెయ్యకు. ఆ వేడి చాలదు.

కూరగాయలు, పళ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు. బంగాళాదుంప ఈ లెక్కలోకి రాదు, అది పిండి వస్తువు. కంచంలో సగం కూర ఉందా లేదా అని చూసుకుంటే తూకం అక్కర్లేదు. ముందు కడిగి, తర్వాత తరుగు. తరిగాక నీళ్లలో వదిలేస్తే సి విటమిన్ ఆ నీళ్లలోకి దిగిపోతుంది. ఉడికించేటప్పుడు నీళ్లు తక్కువ, మూత తప్పనిసరి, మిగిలిన నీళ్లు పారబోయకు. క్యారెట్టు, గుమ్మడి, ఆకుకూరల్లోని కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది) ఒంటికి పట్టాలంటే చెంచాడు నూనె ఉండాలి, నూనె లేకుండా వండుకుంటే సగం కష్టం వృథా. పాలకూరలో కాల్షియం కనిపిస్తుంది కానీ ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుని ఉంచుతాయి, అరగేది ఇరవయ్యో వంతే. పాలు, పెరుగు, క్యాబేజీ జాతి ఆకుల నుంచి బాగా అందుతుంది. పప్పు, ఆకుకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకో, ఇనుము ఎక్కువగా గ్రహిస్తుంది ఒళ్లు. టీ, కాఫీ మాత్రం భోజనానికి గంట అటూ ఇటూ.

పళ్లు పళ్లుగానే తిను. గ్లాసు నారింజ రసానికి రెండు మూడు పళ్లు పిండాలి, పీచంతా జల్లెడలో మిగిలిపోతుంది. పండు తినడానికి పది నిమిషాలు పడితే రసం పది సెకన్లలో అయిపోతుంది, ఆకలి మాత్రం తీరదు.

బాదం, అక్రోటు లాంటివి రోజుకు 30 గ్రాములు, ఉప్పూ నూనే లేనివి. అవిసె గింజలు నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి. పొడి చేసుకో, వారానికి సరిపడానే, ఫ్రిజ్‌లో పెట్టు.

మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ముట్టనివాళ్లకు బి12 మాత్ర గానీ, బి12 కలిపిన ఆహారం గానీ తప్పదు. మొక్కల్లో అది దొరకదు, ఇందులో వాదనకు చోటు లేదు.

అన్నీ ఒకేసారి మార్చకు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, గ్యాసు పడుతుంది, "నాకు పడదు" అని మానేస్తావు. మొదటి వారం ఒక పూట ధాన్యం మార్చు, రెండో వారం రోజూ అరకప్పు పప్పు చేర్చు, మూడో వారం కూర పెంచు. రోజుకు 25 గ్రాముల పీచుకు చేరడానికి మూడు వారాలు పట్టనీ. నీళ్లు కూడా పెంచు, లేకపోతే మలబద్ధకం మొదలవుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, షుగరు మాత్రలు వాడుతున్నా, రక్తం పలచబడడానికి వార్‌ఫరిన్ వేసుకుంటున్నా ముందు డాక్టర్ని అడగాలి. వార్‌ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒకవారం బాగా, ఒకవారం అసలు లేకుండా తింటే మందు లెక్క తప్పుతుంది.

అలసిపోయి ఇంటికొచ్చేసరికి ఎదురుగా ఏముంటే అదే తింటావు, అందుకని వారానికి ఒక పూట గంటన్నర కేటాయించు. రెండు కప్పుల శనగలు ఉడికించి, చల్లారాక చిన్న డబ్బాల్లో వేసి, మూడు నాలుగు రోజులకు ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో పెట్టు. వండిన అన్నం గంట రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి చేరాలి. గది వేడిలో ఉంచితే అందులోని బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెంచే విషం మళ్లీ కాచినా పోదు. ఆకుకూరలు కడిగి, నీళ్లు బాగా విదిలించి, పొడి బట్టలో చుట్టి ఉంచు, తడిగా ఉంచితే మూడో రోజుకు జిగురవుతాయి.

ఈ శనివారం రాత్రి కప్పు శనగలు నానబెట్టు. ఆదివారం పొద్దున ఒక గింజ విడదీసి, నడిమి రంగు చూసి, ఎలా ఉందో నాకు రాయి. రాజ్మా సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ