సంపెంగ బెరడు మీద తెల్ల మచ్చలు.. ఏ మందు కొట్టాలి? (మొక్కల డాక్టర్ సలహా)

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్ల కిందట కడియపులంక నర్సరీ నుంచి తెచ్చిన సింహాచలం సంపెంగ మా ముంగిట ఉంది. ఈ ఏడాది బెరడు మీద తెల్లగా, బూడిద రంగులో మచ్చలు బాగా లేచాయి. గీకేసి సున్నం కొట్టమంటారా, ఏదైనా మందు ఉందా? పైకొమ్మల్లో ఆకులు చిన్నవై పసుపు తిరిగాయి. రోడ్డు ఎత్తు పెరిగిందని నిరుడు ఎండాకాలంలో వాకిలి రెండడుగులు మెరక చేసి టైల్స్ వేయించాం. మూడు నెలలుగా చెట్టు మొదలు నల్లబడి జిగురు కారుతోంది. కొబ్బరికి తెచ్చిన పురుగు మందు మోనోక్రోటోఫాస్ మిగిలి ఉంటే పోయిన వారం సంచిలో పోసి వేరుకు కట్టాం.

జవాబు: మచ్చల గురించి టెన్షన్ వద్దు. మీరు పంపిన ఫొటోలో చూస్తే అవి లైకెన్లలాగే (బూజు, నాచు కలిసి బతికే పొరలు) ఉన్నాయి. మన తేమకి కొబ్బరికీ, మామిడికీ, పిట్టగోడకీ కూడా పడతాయి. బెరడు పైన అంటుకుని ఉంటాయంతే, చెట్టు రసం తాగవు. గీకితే లేనిపోని గాయం. కాకపోతే ఒక్కసారిగా పెరిగాయంటే, పైన ఆకు పలచబడి కాండానికి వెలుతురు ఎక్కువ తగులుతోందేమోనని నా అనుమానం.

నన్ను కంగారు పెట్టింది మీరు చివర్లో రాసిన మాటలు. ముందు మందు సంగతి. అది చెట్టంతా పాకే మందు. కొబ్బరికి ఎక్కించినప్పుడే 45 రోజులు కాయ దింపొద్దని చెబుతాం. సంపెంగకు అది వాడమని ఎవరూ సిఫార్సు చేయలేదు, పైగా జిగురు కారడానికి అది మందే కాదు. పురుగు మందుతో కుళ్లు ఆగదండీ. 36 శాతం మోనోక్రోటోఫాస్‌ను కేంద్రం 2023లో నిషేధించింది, పాత నిల్వ అమ్ముకోవడానికే గడువిచ్చింది. ఇంట్లో మిగిలింది కదా అని ఒక చెట్టు మందు ఇంకో చెట్టుకు పెట్టడం ఎంత ప్రమాదమో ప్రతి సీజన్లో చెబుతూనే ఉన్నాను. వేరుకు కట్టిన సంచి చేతికి తొడుగు వేసుకుని వెంటనే తీసేయండి. ఈ సీజన్ పూలు కోయకండి. సంపెంగ అంటే జడలో పెడతాం, దేవుడికి పెడతాం, పిల్లలు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. మందు కట్టిన మనిషికి తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం లాంటివి ఏవి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి.

ఇక చెట్టు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇది మెరక వల్ల వచ్చిన మొదలు కుళ్లు అనిపిస్తోంది. కాండం బెరడు గాలి తగలాల్సిన చోట రెండడుగుల తడిమట్టి కప్పుకుంది. పైన టైల్స్. మన నల్లమట్టిలో, అడుగు తవ్వితే నీరు ఊరే నేలలో సంపెంగ వేళ్లకు ఊపిరి ఆడదు. ఆకు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. ఆ పొర చుట్టూ చచ్చిపోతే ఏ మందూ బతికించదు.

పొడిగా ఉన్న రోజు చూసి, కాండం చుట్టూ మూడడుగుల మేర టైల్స్ తీయించండి. గునపం వద్దు, చేత్తోనూ చిన్న తాపీతోనూ మట్టి తోడుకుంటూ పాత నేల దాకా, వేళ్లు విచ్చుకునే చోటు కనబడేదాకా వెళ్లండి. గోటితో బెరడు గీకి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగుకి మారి పులిసిన వాసన వస్తే ఆ ముక్క పోయినట్టు. చుట్టుకొలతలో సగానికి పైగా అలా ఉంటే ఆశ తక్కువ. అంతకు లోపైతే స్పిరిట్‌తో తుడిచిన కత్తితో చచ్చిన బెరడును పచ్చ అంచు దాకా తీసేసి, బోర్డో పేస్ట్ పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ల లెక్కన ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనప గిన్నె పనికిరాదు. తవ్విన గుంతలో వాన నీరు నిలిచిందా, చేసిందంతా వృథా. బయటికి కాలువ తప్పనిసరి.

జిగురు కనబడిన రోజునే అడిగి ఉంటే పని తేలికయ్యేది, మూడు నెలలు ఆగారు. మట్టి తీశాక కుళ్లు ఆనవాలు స్పష్టంగా లేకపోతే మందు కొనకండి. పచ్చ అంచుతో కలిపి బెరడు ముక్క కోసి, పాలిథిన్‌లో కాకుండా కాగితంలో చుట్టి, అదే రోజు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి. మోనోక్రోటోఫాస్ కట్టిన తేదీ అక్కడ దాచకుండా చెప్పండి.