సమాధానం: ఏడేళ్ల పాపకు వెన్ను ఆపరేషన్ చేస్తే ఎదుగుదల ఆగిపోతుందా?

అక్కా, చిత్తూరులో మీ ఏడేళ్ల పాపకు వెన్నెముక వంపు (స్కోలియోసిస్) 65 డిగ్రీలు ఉందని, ఆపరేషన్ చేస్తే ఎత్తు ఆగిపోతుందేమోనని అడిగారు. పూసలు అతికించే ఫ్యూజన్ చేస్తే ఆ భాగం ఇక పెరగదు. ఉజ్జాయింపుగా ఒక్కో పూసకు ఏడాదికి 0.7 మిల్లీమీటర్ల నష్టం. పది పూసలు, ఏడేళ్ల ఎదుగుదల మిగిలుంటే దాదాపు 5 సెంటీమీటర్లు. వంపు సరిచేయడంతో అందులో కొంత తిరిగొస్తుంది.

ఎత్తుకన్నా ఊపిరితిత్తుల గురించే ఎక్కువ ఆలోచించాలి. ఛాతీ భాగంలో వెన్ను పొడవు 18 సెంటీమీటర్ల లోపే ఆగిపోతే శ్వాస బాగా దెబ్బతినొచ్చు. అందుకే ఈ వయసులో ఎక్కువగా గ్రోయింగ్ రాడ్లు (వెన్నుకు బిగించి, పాప పెరిగేకొద్దీ పొడిగించే కడ్డీలు) వేస్తారు, మామూలు రకమైతే సుమారు ఆరు నెలలకోసారి పొడిగించాలి. రాడ్ విరగడం, దాన్ని పూసకు పట్టి ఉంచే హుక్ ఊడటం, ఇన్ఫెక్షన్ లాంటి ఇబ్బందులు తరచుగా వస్తుంటాయి. పోనుపోను పూసలు వాటంతటవే అతుక్కుని, పొడిగించినప్పుడు వెన్ను సాగేది తగ్గుతుంది.

తిరుపతిలో టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్‌కు వెళ్తే నిలబెట్టి తీసిన పాత, కొత్త ఎక్స్‌రేలు రెండూ తీసుకెళ్లండి. ఎన్ని పూసలు అతికిస్తారో, ప్లాస్టర్ కట్టుతోనో బెల్టుతోనో ఇంకొన్నాళ్లు ఆగొచ్చో తప్పక అడగండి.