వెనక చక్రం స్పోకులు ఊరికే విరుగుతుంటే

అన్నా, బుక్కరాయసముద్రం నుంచి అనంతపురానికి సైకిలు మీద పాల క్యాన్లు తెస్తుంటే రెండు నెలల్లో వెనక చక్రంలో నాలుగు స్పోకులు, అన్నీ హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గర వంపులోనే విరిగాయన్నారు. ఎవరో లావు స్పోకులు వేయించమన్నారట. తొందరపడొద్దు. అక్కడ విరిగాయంటే ఎక్కువ సార్లు కారణం బరువు కాదు, బిగువు చాలకపోవడం.

మనం ఎక్కి కూర్చుంటే నేలవైపు ఉన్న స్పోకుల బిగువు కాస్త తగ్గుతుంది. చక్రం తిరిగాక మళ్లీ పెరుగుతుంది. ముందే వదులుగా ఉంటే అవి ప్రతి చుట్టులోనూ పూర్తిగా సడలి, మళ్లీ లాగబడతాయి. తీగను అటూ ఇటూ వంచి తుంచినట్టే, వంపు దగ్గర మెల్లగా పగులు పడుతుంది. అందుకే మంచి చక్రమంటే నాకు మొదట గుర్తొచ్చేది సమానమైన బిగువు, తర్వాతే రిమ్ము.

నాలుగు పోయాయంటే మిగతావీ అలసిపోయి ఉంటాయి. సెట్టు మొత్తం మార్పించండి. బిగించేటప్పుడు స్పోకు చివర రిమ్ము దగ్గరుండే చిన్న నట్టు, అంటే నిపిల్‌ను ఒక్కోసారి పావు చుట్టే తిప్పమనండి. ఒకే వైపు స్పోకులను వేలితో మీటితే దాదాపు ఒకే శబ్దం రావాలి. గేర్ల సైకిలైతే చైను వైపు బిగువు ఎక్కువుంటుంది, అది మామూలే. చివర్లో పక్కపక్క స్పోకులను జతలుగా చేత్తో గట్టిగా పిసికి, చక్రం బెండు (తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగడం) ఉందేమో మళ్లీ చూడాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు, నాకు అదే బాధ.

టైరులో గాలి తగ్గనీయకండి. నెల తర్వాత ఒకసారి మీటి చూసి, ఎలా ఉందో చెప్పండి.